నది దాటిన దేవతలు

గోవా పేరు చెవిన పడగానే మన కళ్లముందు మెదిలే దృశ్యం ఒక్కటే. తెల్లని ఇసుక తిన్నెలు, వాలిన కొబ్బరిచెట్లు, కెరటాల మీద కుంకుమ చల్లినట్లు సూర్యాస్తమయం. కాశీకి వెళ్తున్నామంటే గంగ తెమ్మని చెంబు చేతికిచ్చే బామ్మగారు సైతం, మనవడు గోవా ప్రయాణమంటే పెదవి విరుస్తారు. ఆమెను తప్పు పట్టలేం. ఆ నేలను గురించి మనకు చెప్పినవారందరూ సముద్రం దగ్గరే ఆగిపోయారు. తీరం నుంచి ఒక్క గంట ప్రయాణం లోపలికి వెళ్లి ఉంటే, దీపస్తంభాల వెలుగులో పల్లకి ఊరేగే మరో గోవా వారికి కనిపించి ఉండేది.

అసలు ఆ సముద్రతీరానికే పురాణగాథ ఉంది. దక్షిణ గోవాలో కోల్వా బీచ్‌కు ఆనుకొని బెనాలిం అనే తీరగ్రామం ఉంది. స్థానికులు దానిని బాణావళి అంటారు. ఇరవై ఒక్క మార్లు భూమండలాన్ని జయించి, దానినంతటినీ కశ్యపునికి దానమిచ్చిన పరశురాముడు, దానమిచ్చిన నేల మీద తాను నిలువరాదని సహ్యాద్రి శిఖరం ఎక్కి సముద్రుని మీదికి బాణం సంధించాడట. సముద్రుడు వెనక్కు తగ్గాడు. బాణం పడిన చోటు బాణావళి అయింది. కడలి విడిచిన నేల కొంకణమయింది. ఈసారి మీరు ఆ తీరాన చెప్పులు విడిచి నడిచేటప్పుడు ఈ గాథ ఒక్కసారి తలచుకోండి.

అయితే ఈ వ్యాసం పరశురాముని గురించి కాదు. ఆయన ఇచ్చిన నేల మీద వెలసి, ఆ నేలను విడిచి వెళ్లవలసి వచ్చిన దేవతలను గురించి.

కూలిన గుడులు, కదిలిన వేల్పులు

1510లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ బీజాపూరు ఆదిల్‌షాహీల చేతినుంచి గోవా దీవిని గెలుచుకున్నాడు. మొదటి కొన్నేళ్లు ఆలయాల జోలికి పెద్దగా పోలేదు. 1540లో తిస్వాడి దీవిలోని గుడులను కూల్చారు. 1543లో బార్దేశ్, సాష్టి ప్రాంతాలు కూడా పోర్చుగీసుల వశమయ్యాయి. సాష్టి అంటే అరవై ఆరు ఊళ్ల సీమ. అక్కడ 1567లో జరిగిన విధ్వంసంలో వందలాది ఆలయాలు నేలమట్టమయ్యాయి. 1560లో మొదలైన మతవిచారణ న్యాయస్థానం మధ్యలో కొద్ది విరామంతో 1812 వరకు సాగింది. పూజ చేయడం, పెళ్లిలో మంగళస్నానం చేయించడం, చివరికి ఇంటి పెరట్లో తులసి మొక్క పెంచడం కూడా నేరాల జాబితాకెక్కిన రోజులవి.

అప్పుడు ఆ ఊళ్ల కుటుంబాల ముందు రెండే దారులు నిలిచాయి. భూమి నిలుపుకోవాలంటే దేవుణ్ని విడవాలి. దేవుణ్ని నిలుపుకోవాలంటే భూమిని విడవాలి. కొందరు ఇళ్లు, పొలాలు, కొబ్బరితోటలు అన్నీ వదులుకుని, గర్భగుడిలోని మూలమూర్తిని మాత్రం చేతుల్లోకి తీసుకున్నారు. చీకటి మాటున పడవల్లో నది దాటించారు. ఆ నది పేరు నేడు జువారి. పాత గ్రంథాల్లో అఘనాశిని, అంటే పాపనాశిని. ఆవలి ఒడ్డున ఉన్నది అంత్రూజ్ మహల్ అని పిలిచే పోండా ప్రాంతం. అక్కడ పోర్చుగీసుల ఆజ్ఞ చెల్లదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పక తప్పదు. ఆ రోజుల్లో పోండా సీమ ఆదిల్‌షాహీ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. పడమటి ఒడ్డున తరిమివేతకు గురైన హైందవ దేవతలకు తూర్పు ఒడ్డున సుల్తానుగారి రాజ్యంలో నీడ దొరికింది. చరిత్రను నలుపు తెలుపులుగా చూడాలనుకునేవారికి ఇది కాస్త ఇబ్బందిగా తోచవచ్చు. జరిగినది మాత్రం ఇదే. తరువాతి కాలంలో సోందా రాజులు, మరాఠాలు ఆ సీమను ఏలారు. 18వ శతాబ్ది ద్వితీయార్ధంలో అది పోర్చుగీసుల చేతికి వచ్చేసరికి వారి మతావేశం చల్లారింది. ఆలయాల జోలికి రాబోమని మాట ఇచ్చారు. అందుకే పోండా చుట్టుపక్కల కొద్ది మైళ్ల పరిధిలో ఇన్ని గుడులు ఒక్కచోట కనబడతాయి. అవి అక్కడ పుట్టినవి కావు. చాలావరకు వలస వచ్చినవి.

తలదాచుకున్న మంగేశుడు

పనాజీ నుంచి పోండా వెళ్లే దారిలో సుమారు ఇరవై కిలోమీటర్ల దూరాన మంగేషి గ్రామం వస్తుంది. కొండల నడుమ, పోకచెట్ల నీడలో శ్రీ మంగేశుని సన్నిధి. ఏడంతస్తుల తెల్లని దీపస్తంభం దూరం నుంచే కనిపిస్తుంది. ఆలయానికి ముందు పుష్కరిణి ఉంది.

స్థలపురాణం ఇలా చెబుతోంది. కైలాసంలో పార్వతీ పరమేశ్వరులు పాచికలాడారు. స్వామి సర్వమూ ఓడిపోయి, అలిగి, దక్షిణాపథానికి వచ్చి అఘనాశిని ఒడ్డున కుశస్థలిలో మకాం పెట్టారు. వెదుకుతూ వచ్చిన అమ్మవారిని ఆటపట్టించడానికి పులి రూపంలో ఎదురయ్యారు. భయకంపితురాలైన దేవి ‘త్రాహి మాం గిరీశ’ అనబోయి, తొట్రుపాటులో మాటలు కలగలిపి పలికింది. ఆ ‘మాం గిరీశ’యే మంగిరీశుడై, మంగేశుడై నిలిచింది. భార్య తడబడి పలికిన మాటనే పేరుగా ధరించిన దేవుడు ఇంకెక్కడైనా ఉన్నాడో లేదో గాని, ఇక్కడ మాత్రం ఉన్నాడు.

ఆ కుశస్థలి నేటి కుఠ్ఠాళి. పటాల్లో కోర్తాలిం అని కనిపించే ఊరు. 1560లో అక్కడి నుంచి స్వామి లింగాన్ని నది దాటించి ప్రియోళ గ్రామసీమకు చేర్చారు. మొదట చిన్న గుడి. 1739లో పేష్వాలు మంగేషి గ్రామాన్ని స్వామికి సమర్పించిన తరువాత ఆలయం విస్తరించింది. ప్రతి సోమవారం సాయంవేళ హారతికి ముందు స్వామి పల్లకి వాద్యాలతో బయలుదేరుతుంది. వీలైతే సోమవారమే వెళ్లండి. మాఘ పూర్ణిమ నాటి జాత్రకు కాలు పెట్టే చోటుండదు. జాత్ర అన్న మాట విన్నారుగా. మన జాతరే.

మంగేషి పేరు మీకు ఎక్కడో విన్నట్లు ఉండాలి. దీనానాథ్ మంగేష్కర్ 1900లో జన్మించింది ఈ ఊళ్లోనే. ఆయన తండ్రి మంగేశునికి అభిషేకం చేసే అర్చకుల వంశం వారు. తల్లి ఆలయసేవకు అంకితమైన గాయకుల కుటుంబానికి చెందినవారు. ఆ దీనానాథుని కుమార్తె లతా మంగేష్కర్. 1955లో ‘సంతానం’ చిత్రం కోసం తెలుగులో జోలపాట పాడి మన తల్లుల నోళ్లలో నానిన ఆ గొంతుకు ఇంటిపేరు ఇచ్చినవాడు ఈ మంగేశుడే. 2022 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూశారు.

ఆలయాల్లో పాడి, ఆడి సేవచేసిన ఆ కుటుంబాల వారిని గోవాలో కళావంతులు అనేవారు. మన గోదావరి, కృష్ణా తీరాల్లోనూ అదే పేరు, అదే సేవ, అవే అవమానాలు. పోండా దగ్గరి కేరి గ్రామంలో 1892లో పుట్టిన కేసర్‌బాయి కేర్కర్ ఆ సంప్రదాయం నుంచి వచ్చిన మహాగాయని. 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల్లో మానవజాతి సంగీతానికి గుర్తుగా పెట్టిన స్వర్ణఫలకంలో ఆమె పాడిన భైరవి ఉంది. ఆ స్వరం నేడు సూర్యమండలపు అంచులు దాటిపోయింది. పోండా గుడుల మంటపాల్లో స్తంభాలకు ఆనుకొని కూర్చున్నప్పుడు ఈ సంగతి గుర్తుంటే ఆ నిశ్శబ్దం వేరుగా వినిపిస్తుంది.

జన్నిదం ధరించిన అమ్మ

మంగేషి నుంచి కిలోమీటరు దూరంలో మార్దోల్. అక్కడ మహాలసా నారాయణి కొలువై ఉంది. వెర్ణా గ్రామం నుంచి వలస వచ్చిన తల్లి ఈమె. చేత త్రిశూలం, ఖడ్గం, తెగిన తల, పాత్ర పట్టిన ఉగ్రమూర్తి. చూడగానే కాళి అనుకుంటాం. కాదు, ఈమె మోహిని. క్షీరసాగర మథనవేళ అమృతం పంచడానికి శ్రీమహావిష్ణువు ధరించిన స్త్రీరూపం. అందుకే దేవి మెడలో యజ్ఞోపవీతం ఉంటుంది.

ఆత్రేయపురం దగ్గరి ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని దర్శించినవారికి ఈ మాట సులభంగా అర్థమవుతుంది. అక్కడ ముందు కేశవుడు, వెనుక మోహిని; ఒకే శిలలో ఇద్దరు. ఇక్కడ మోహినియే ప్రధానదేవత. ఆలయప్రాంగణంలోని ఇత్తడి దీపస్తంభం వద్ద కాసేపు ఆగండి. ఇరవై ఒక్క వలయాలతో నింగిని తాకుతున్నట్లుండే ఆ స్తంభం కూర్మం వీపు మీద నిలిచి ఉంటుంది. మందరపర్వతాన్ని మోసిన కూర్మమే. పండుగనాడు ఆ వలయాలన్నింటిలో వత్తులు వెలిగిస్తే చూడడానికి రెండు కళ్లు చాలవు.

వర్షకాలంలో అమ్మకు జాయ్ పూజ జరుగుతుంది. జాయ్ అంటే జాజి. మార్దోల్ జాజులు గోవా అంతటా పేరున్నవి. ఆ పూట గర్భగుడి నుంచి మంటపం వరకు పూలతో నిండిపోతుంది. వెర్ణాలోని పాత స్థలంలో కూడా గోవా విముక్తి తరువాతి కాలంలో మళ్లీ ఆలయం కట్టారు. దేవి మాత్రం మార్దోల్ విడిచి వెళ్లలేదు.

పుట్టలోని తల్లి

గోవా ప్రజల హృదయసీమలో అన్నిటికన్నా పై పీఠం శాంతాదుర్గది. పోండా పక్కనే కవళే గ్రామంలో ఎర్రని గోడలు, గోపురం లాంటి శిఖరం, ముందు కోనేరు, ఎత్తయిన దీపస్తంభంతో ఆ తల్లి సన్నిధి విరాజిల్లుతోంది. సాష్టిలోని కేళోశి నుంచి వచ్చిన దేవత. నేటి ఆలయం ఛత్రపతి సాహూ కాలంలో, 1738లో పూర్తయింది.

దుర్గ అంటే మనకు మహిషుని మర్దించిన శక్తి. ఈ దుర్గ యుద్ధం చేసిన తల్లి కాదు, యుద్ధం ఆపిన తల్లి. ఒకప్పుడు శివకేశవుల మధ్య ఘోరసమరం రేగిందని, లోకాలు తల్లడిల్లుతుంటే బ్రహ్మ ప్రార్థన మేరకు జగన్మాత ఇద్దరి నడుమ నిలిచి, ఇరువురినీ చెరో చేత పట్టి శాంతింపజేసిందని స్థలగాథ. మూలమూర్తికి ఇరుపక్కల శివుడు, విష్ణువు ఉంటారు. దేశమంతటా శైవ వైష్ణవ వివాదాలు సాగిన కాలంలో ఈ సముద్రపుటంచు జనం ఆ వివాదానికి ఒక అమ్మను అడ్డం పెట్టారు. ఆ ఊహ ఎవరిదో గాని చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈ శాంతాదుర్గకు మరొక పేరు సాంతేరి. ఆ పేరుతో గోవా పల్లెపల్లెలో గుళ్లున్నాయి. చాలాచోట్ల లోపల విగ్రహం ఉండదు. ఉండేది పుట్ట. చీమలో, చెదలో పెట్టిన మామూలు మట్టిపుట్ట. దాని చుట్టూ గుడి కట్టి, దానికే పసుపు కుంకుమలు, చీర, వెండి ముఖబింబం సమర్పిస్తారు. పుట్ట పెరిగితే తల్లి పెరిగిందంటారు. నాగుల చవితినాడు పొలంగట్టు మీది పుట్టలో పాలు పోసి, పుట్టమన్ను చెవులకు రాసుకునే మనకు ఈ ఆరాధన కొత్తగా అనిపించదు. నేల తల్లి అని నోటితో అనడం వేరు. నేల తానే లేచి నిలిచిన రూపాన్ని గర్భగుడిలో చూడడం వేరు. పడవల్లో నది దాటించిన దేవతలకు కొత్త ఊళ్లలో చోటిచ్చింది ఈ సాంతేరి తల్లులు ఏలిన గ్రామాలే.

ఎర్రమట్టి ప్రస్తావన వచ్చింది గనుక ఇంకొక్క మాట. కొంకణ ఆలయాల్లో కావి చిత్రకళ అనే అపురూప సంప్రదాయం ఉంది. సున్నం గోడ మీద ఎర్రమట్టి పూత పూసి, అది ఆరకముందే సన్నని ఉలితో గీకుతూ లోపలి తెలుపు బయటపడేటట్లు బొమ్మలు చెక్కుతారు. కావి అంటే వారికీ ఎర్రమన్నే. కావి గుడ్డలు అనే మనకూ ఎరుపే. పెర్నెం తాలూకాలోని కొన్ని పాత ఆలయాల్లో ఈ చిత్రాలు నేటికీ మిగిలి ఉన్నాయి. సిమెంటు, టైల్స్ మోజులో ఎన్నో చోట్ల చెరిగిపోయాయి కూడా.

దర్శనానికి వెళ్లేవారికి ఒక సూచన. బీచ్ దుస్తుల్లో ఈ ఆలయాల్లోకి అనుమతించరు. పంచె, చీర, నిండైన దుస్తులు బ్యాగులో పెట్టుకుని బయలుదేరండి. ఈ గుళ్ల వ్యవహారాలు చూసే వంశీయులను మహాజనులు అంటారు. ఆనాడు దేవుణ్ని మోసుకొచ్చిన కుటుంబాల సంతతి వారు. విచిత్రమేమిటంటే దేవస్థానాల నిర్వహణకు నేటికీ ఆధారం 1933లో పోర్చుగీసు ప్రభుత్వం చేసిన నిబంధనలే. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వారి కాగితమే ఇప్పుడు కాపలా.

విజయనగరపు చేయి

పోండా సమీపాన బాందివడె గ్రామంలో నాగేశుని ఆలయం ఉంది. ఇది వలస వచ్చిన గుడి కాదు. మొదటి నుంచీ ఆవలి ఒడ్డునే ఉన్నది గనుక బతికి బయటపడింది. మంటపం పైభాగాన కొయ్యమీద చెక్కిన రామాయణ ఘట్టాలు తప్పక చూడదగినవి. ప్రాంగణంలో 1413 నాటి శిలాశాసనం ఉంది. ఆనాడు ఈ సీమను ఏలుతున్నది విజయనగర ప్రభువులు.

అవును, హంపీ విరూపాక్షుని సన్నిధిలో పట్టం కట్టుకున్న ఆ రాజ్యమే. ఆ కథ వినాలంటే పోండా నుంచి ఉత్తరంగా, మాండవి నది దిశగా రావాలి.

గోవాను ఏలిన కదంబ రాజులకు కులదైవం సప్తకోటీశ్వరుడు. సప్తఋషులు ఏడు కోట్ల సంవత్సరాలు తపస్సు చేయగా వెలసిన స్వామి అని ఐతిహ్యం. కదంబుల నాణేల మీద రాజుపేరుతోపాటు ఈ స్వామి వరప్రసాదం పొందినవాడు అన్న బిరుదు చెక్కేవారు. మాండవి నదిలోని దివాడీ దీవిలో, నార్వే వద్ద ఆయన ఆలయం ఉండేది. 14వ శతాబ్దిలో బహమనీ సేనలు గోవాను ఆక్రమించినప్పుడు గుడి ధ్వంసమైంది. విజయనగర చక్రవర్తి హరిహరరాయల సైన్యం బహమనీలను తరిమివేసిన తరువాత, ఈ సీమకు పాలకుడుగా వచ్చిన మాధవమంత్రి 14వ శతాబ్ది చివర స్వామిని మళ్లీ ప్రతిష్ఠించాడు. ఈ మాధవమంత్రి విద్యారణ్యస్వామి కాదు. పేరు ఒక్కటి కావడంతో చాలామంది పొరబడతారు. కత్తి పట్టిన చేతితోనే సూతసంహితకు వ్యాఖ్య రాసిన పండితుడు ఈయన.

స్వామి కష్టాలు అంతటితో తీరలేదు. 16వ శతాబ్దిలో పోర్చుగీసులు ఆ ఆలయాన్ని కూల్చారు. శివలింగాన్ని ఒక బావివద్ద నీళ్లు తోడే ఏర్పాటులో భాగంగా వాడారని చెబుతారు. అభిషేకజలం అందుకోవలసిన స్వామి తాడు ఒరిపిడికి ఒళ్లు అప్పగించి ఊరివారి దాహం తీర్చాడన్నమాట. చివరికి కొందరు భక్తులు సాహసించి, ఆ లింగాన్ని రహస్యంగా నది దాటించి ఆవలి ఒడ్డున బిచోలిం సీమకు చేర్చారు. అక్కడి ఊరికి కూడా నార్వే అనే పేరు పెట్టుకున్నారు. ఇల్లు మారినా ఊరిపేరు మారకూడదని కాబోలు.

1668లో ఛత్రపతి శివాజీ ఈ ఆలయాన్ని పునరుద్ధరించాడు. అడవి చెట్ల మధ్య, ఆర్భాటం లేని చిన్న గుడి. పలకలు తీర్చిన ధారాలింగం. గోవా ప్రభుత్వం మరమ్మతులు చేయించిన తరువాత 2023 ఫిబ్రవరిలో ఆలయం మళ్లీ భక్తులకు తెరుచుకుంది. దివాడీ దీవిలోని పాత స్థలంలో కోటితీర్థం అనే కోనేరు ఇంకా ఉంది. పాత గోవా రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో దీవికి చేరవచ్చు. స్వామి లేని కోనేరును చూడడానికి ఎందుకు వెళ్లాలంటారా? వెళ్లిచూస్తేనే తెలుస్తుంది.

కదంబుల కాలపు గుడి ఒక్కటి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. తాంబ్డి సుర్లా మహాదేవుని ఆలయం. సహ్యాద్రి పాదాన, దట్టమైన అడవిలో, వాగు ఒడ్డున నల్లరాతితో కట్టిన 12, 13 శతాబ్దాల నాటి కోవెల. ఆ రాయి గోవాలో దొరకదు. కనుమల ఆవలి దక్కను పీఠభూమి నుంచి తెచ్చినది. దాగి ఉన్నందువల్లే మిగిలింది. విజయవాడ, గుంటూరు, గుంతకల్లుల మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచి కనుమ దిగుతారు. ఆ కొండలలోనే, కొంత ఉత్తరాన ఈ మహాదేవుడు ఉన్నాడు. జలపాతం చూసి కేరింతలు కొట్టేవారిలో నూటికి తొంభైమందికి ఆ సంగతి తెలియదు.

వేరైనా తోబుట్టువులే

దేవతలు వెళ్లిపోయారు సరే. భూమి విడవలేక, బంధువులను విడవలేక, భయం వల్లనో మరో కారణం వల్లనో ఊళ్లోనే ఉండి మతం మారినవారి సంగతేమిటి? వారి మనసులో ఆ దేవత ఏమయింది?

ఉత్తర గోవా జానపదులు ఒక కథ చెప్పుకుంటారు. ఏడుగురు తోబుట్టువులైన దేవతలు ఈ సీమకు వచ్చి ఒక్కొక్క ఊళ్లో స్థిరపడ్డారట. శిర్గావ్‌లో లైరాయి, మరో ఊళ్లో కేళ్‌బాయి, మోర్జిం తీరాన మోర్జాయి. వారిలో ఒక సోదరి మాపుసా చర్చిలో మిలాగ్రిస్ మాతగా వెలసిందని హిందువులూ నమ్ముతారు, క్రైస్తవులూ నమ్ముతారు. ఈస్టర్ పండుగ తరువాత మాపుసాలో జరిగే ఆ మాత ఉత్సవానికి హిందువులు నూనె పట్టుకుని వరుసల్లో నిలుస్తారు. లైరాయి గుడినుంచి మల్లెలు అక్కచెల్లెలి చర్చికి, అక్కడి నుంచి దీపానికి నూనె ఇక్కడికి ఇచ్చిపుచ్చుకునే ఆచారం ఉండేదని పెద్దలు చెబుతారు. పుట్టింటి సారె లాంటిదే ఇది.

వైశాఖ శుద్ధ పంచమికి జరిగే లైరాయి జాత్రలో దీక్షాపరులైన ధోండులు ఉపవాసముండి, ఉన్ని కుచ్చులు కట్టిన బెత్తాలు చేతబట్టి, తెల్లవారుజామున నిప్పుల మీద నడుస్తారు. మన గ్రామదేవతల జాతరల్లో అగ్నిగుండం తొక్కడం చూసినవారికి ఇది పరిచితమే. కొలువులో దేవి కలశరూపిణి. 2025 మే నెలలో ఈ జాత్రవేళ తొక్కిసలాట జరిగి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. వెళ్లదలచినవారు పిల్లలను, వృద్ధులను ఆ రాత్రి రద్దీలోకి తీసుకుపోకుండా, ముందో వెనకో దర్శించుకోవడం మంచిది.

ఏడాదికొకసారి ఇంటికి

చివరగా మిమ్మల్ని కుంకళ్లి అనే ఊరికి తీసుకువెళ్లాలి. మడ్‌గావ్‌కు దక్షిణంగా ఉన్న ఈ గ్రామం సాష్టి సీమలో తలవంచని ఊరుగా పేరు పొందింది. ఆలయాలను కూల్చి, అక్కడ చర్చి కట్టడానికి స్థలం చూడడానికి 1583 జులైలో వచ్చిన ఐదుగురు క్రైస్తవ ప్రచారకులను, వారి వెంట వచ్చినవారిని గ్రామస్థులు చంపారు. ప్రతీకారంగా పోర్చుగీసులు ఊరి పెద్దలను మాట్లాడుకుందామని అసోల్నా కోటకు పిలిచి హతమార్చారు. రెండువైపులా రక్తం చిందింది. ఆ ఊరి తల్లి శాంతాదుర్గ కొండల ఆవల ఫాతర్పా గ్రామానికి చేరింది. నేటికీ ఆమెను కుంకళ్లీకరీణ్ శాంతాదుర్గ, అంటే కుంకళ్లి ఊరి శాంతాదుర్గ అనే పిలుస్తారు. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆమె చిరునామా మారలేదు.

ఆ తల్లి ఏడాదికొకసారి ఇంటికి వస్తుంది. ఫాల్గుణమాసంలో, శిగ్మో రోజుల్లో, ఫాతర్పా నుంచి దేవి పల్లకి తన పాత ఊరికి బయలుదేరుతుంది. పల్లకితోపాటు రంగురంగుల పన్నెండు గొడుగులు. ఒక్కొక్క గొడుగు కుంకళ్లిలోని ఒక్కొక్క వంశానిది. ఊళ్లో పన్నెండు వంశాలు. ఆ వంశాల వారిలో నేడు హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. దేవిని మోసుకుపోయినవారి మునిమనవళ్లు కొందరు, ఊళ్లో ఉండిపోయినవారి మునిమనవళ్లు కొందరు. గొడుగు మాత్రం ఒక్కటే. సొంత్రియో అని ఈ ఉత్సవానికి పేరు.

డప్పులు మోగుతాయి. గులాల్ గాలిలో లేస్తుంది. ఎండలో ఎర్రగొడుగులు, తెల్లగొడుగులు ఊగుతూ మలుపు తిరిగేసరికి దారికి ఇరుపక్కలా జనం చేతులు జోడించి నిలుస్తారు. వారిలో శిలువ గొలుసు వేసుకున్న ముసలమ్మలూ ఉంటారు. ఒకప్పుడు తన గుడి ఉన్న చోట దేవి కాసేపు ఆగి పూజలందుకుంటుంది. పొద్దు వాలకముందే పల్లకి మళ్లీ ఫాతర్పా దారి పడుతుంది.